ఇత్తడి బిళ్ళ ఎత్తిన గురువారం

బ్యూట్, మోంటానా
ఫిబ్రవరి 11, 1994

ప్రియమైన ఐలీకి,

ఇక్కడ నేనూ పిల్లీ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మీ అక్క హెల్మీ, ఆవిడ కొత్త తుంటి ఎముకా అంతకంటే క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ ఉత్తరం పోయిన గురువారమే అందింది. జవాబు రాయడానికి ఎనిమిది రోజులు పట్టిందంటే బద్ధకం అనుకోకు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నీ ప్రశ్నలు. నీళ్ళ గొట్టాలు గడ్డకట్టలేదు. నువ్వు చెప్పినట్టే కుళాయి సన్నగా వదిలి పడుకుంటున్నాను. మాంసం కూరిన పేస్టీలు అయిపోయాయి. ఆరు రోజులకని నువ్వు చేసి పెట్టినవి మూడు రోజుల్లో తినేశాను, దానికి నన్ను తిట్టినా లాభం లేదు. మందులు వేసుకుంటున్నాను. మెట్ల మీద మంచు తీస్తున్నాను, నడుము పట్టుకోలేదు. హెల్మీ చేతికర్ర లేకుండా వంటగది దాకా నడిచిందని రాశావు, చాలా సంతోషం. ఆవిడ ఇక నీ కాఫీకి వంకలు పెట్టడం మొదలుపెడుతుంది, అప్పుడు పూర్తిగా కోలుకున్నట్టు లెక్క.

ఇంకో ప్రశ్న అడిగావు. "మిల్కా నీకు క్షమాపణ చెప్పిందా లేదా?" అని. దాని కింద రెండు గీతలు కూడా గీశావు.

అక్కడికే వస్తున్నాను.

పోయిన ఉత్తరంలో నేను రాసింది నీకు గుర్తుండే ఉంటుంది. బారులో గురువారం మధ్యాహ్నం పేకాట. నేను ఎప్పటిలాగే, ముక్కలు పంచే మిల్కాకి ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాను. నాకు రెండు ఆసులు పడ్డాయి. నా ముక్కల మీద నా ఇత్తడి బిళ్ళ, గనిలో పనిచేసిన రోజుల్లో మెడలో వేసుకున్న ఆ నంబరు బిళ్ళ, పెట్టి ఉన్నా మిల్కా చూసుకోకుండా వాటిని లాగేసి, పడేసిన ముక్కల కుప్పలో కలిపేసింది. కుప్పలో కలిసిన ముక్క మళ్ళీ బతకదు, అది ఎక్కడైనా అంతే. బిళ్ళ ఉన్న ముక్కలు లాగితే తప్పు పంచే మనిషిది. బిళ్ళ లేకపోతే తప్పు ఆడేవాడిది. ఆ గోడ మీద రాసే ఉంది కదా, నీ ముక్కలకు నువ్వే కాపలా అని. అందుకే బారు చూసుకునే డెస్ నా పందెం నాకు తిప్పి ఇచ్చేసి, మిల్కాని ఇంటికి పంపాడు. యజమాని ఫిబ్రవరి మొదటి సోమవారం వచ్చి తేలుస్తాడు, అప్పటిదాకా రావద్దన్నాడు. ఇంతవరకే నీకు రాశాను.

అందులో ఒక్క ముక్క అబద్ధం, ఐలీ. నా ముక్కల మీద బిళ్ళ లేదు.

జరిగింది ఇది. ఆ రోజు నా ఎడమ పక్కన పర్విస్ అని కొత్తాయన కూర్చున్నాడు. బడిపంతులుగా చేసి రిటైరయ్యాడట, ఈ మధ్యే మన ఊరు వచ్చాడు. పాపం, తన రెండు ముక్కలనూ ఒట్టిగా బల్ల మీద వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నా సంగతి నీకు తెలుసు కదా. అలాంటివాణ్ణి చూస్తే నా నోరు ఊరుకోదు. ఎదుటివాడు పందెం వెయ్యాలా మానాలా అని ఆలోచిస్తున్నాడు. నేను పర్విస్ వైపు తిరిగి, "మాస్టారూ, ముక్కల్ని అలా దిక్కులేనట్టు వదిలెయ్యకూడదు. మీద ఏదైనా బరువు పెట్టాలి. ఇదిగో, ఇలాంటిది," అంటూ నా ఇత్తడి బిళ్ళ ఎత్తి ఆయన ముక్కుకి దగ్గరగా పెట్టి చూపించాను. ఈ చేత్తోనే. అది ఏ గనిదో, ఏ ఏడాదిదో కూడా చెప్పడం మొదలుపెట్టాను.

ఈలోగా ఎదుటివాడు ముక్కలు పడేశాడు. మిల్కా వాటిని దగ్గరికి లాగుతూ, పక్కనే ఒట్టిగా ఉన్న నా ముక్కల్ని కూడా పడేసినవే అనుకుని కలిపేసింది. శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

అప్పుడైనా నవ్వేసి ఊరుకోవాల్సింది. ఎప్పుడూ మాతో ఆడే లెనార్డ్ ముఖంలో నవ్వు మొదలవడం చూశాను. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర ప్రతివాడికీ ఈ పాఠం చెప్పినవాణ్ణి నేనే. డెస్ వచ్చి అడిగాడు.

"బాబాయ్, ముక్కల మీద బిళ్ళ ఉందా, లేదా?"

"ఉంది," అన్నాను.

"లేదు డెస్," అంది మిల్కా. "బిళ్ళా లేదు, ఆయన చెయ్యీ లేదు."

"ఉందంటుంటే," అన్నాను మళ్ళీ. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలికగా ఉంది, అదే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బిళ్ళ ఎక్కడుందో చూశామని మిగతావాళ్ళెవరూ చెప్పలేదు. మిల్కా ఆ నెలలో అంతకుముందే ఒకసారి ముక్కలు తప్పుగా పంచింది. డెస్ ఆమె మాట నమ్మలేదు. ఆమె ఏప్రాన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి నీకు ఆ ఉత్తరం రాశాను. నీకు రాస్తే అది నిజమైపోతుందని అనుకున్నానో ఏమో.

మొన్న ఆదివారం కిరాణా కొట్లో పర్విస్ కనిపించాడు. నన్ను చూసి తలుపు వైపు నడిచాడు. నేనే పిలిచాను.

"ఏం మాస్టారూ, ఆటకి రావడం లేదే?"

"రాను లెండి. నాకు చూపించబోయి కదా మీరు నష్టపోయారు," అన్నాడు. చేతిలో ఉన్న గుడ్ల అట్టపెట్టె కేసి చూస్తూ, గొంతు తగ్గించి, "నేను చూశాను. నా కోసం ఎత్తారు కాబట్టి తప్పు నాదే అనిపించి నోరు మెదపలేదు. ఇక ముందు కూడా ఎవరైనా అడిగితే మీరు ఏం చెప్పమంటే అదే చెప్తాను," అన్నాడు.

ఐలీ, ఆయన నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకి నిజం చెప్పమని నేర్పిన మనిషి, నా పరువు కోసం అబద్ధం ఆడడానికి సిద్ధపడ్డాడు. నేను కొనాల్సిన పాలు కూడా కొనకుండా ఇంటికొచ్చేశాను.

సోమవారం పొద్దున్నే, యజమాని రాకముందే డెస్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను, "మూడు నెలలు ఈ గుమ్మం తొక్కకు బాబాయ్. ఇంకెవడైనా అయితే జన్మలో రానిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. మిల్కాని గురువారం నుంచి రమ్మంటానన్నాడు.

అక్కణ్ణించి మిల్కా ఇంటికి వెళ్ళాను. హాల్లో అట్టపెట్టెలు. సగం గిన్నెలు కాగితాల్లో చుట్టేసి ఉన్నాయి. ఈ పని పోతే స్పోకేన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామని అనుకుందట. నేను టోపీ తీసి, చెప్పాల్సింది చెప్పాను. ఆమె కూర్చోమనలేదు.

"అన్నా, రెండేళ్ళు ఆ బారులో బల్లలు తుడిచి, ముక్కలు పంచే కుర్చీలోకి వచ్చాను. నువ్వొక్క మాటతో దింపేశావు," అంది.

"అవునమ్మా."

"తప్పు చేశానని నన్ను నేనే అనుమానించుకున్నాను. రోజూ కళ్ళు మూసుకుని ఆ బల్లే చూసేదాన్ని. బిళ్ళ ఉందేమో, నాకే కనబడలేదేమోనని."

అప్పుడామె సొరుగు తీసి నీ ఉత్తరం నా చేతికిచ్చింది. నువ్వు ఆమెకి కూడా రాశావని నాకు తెలియదు, ఐలీ. నీ కోపం నాకు తెలుసు కాబట్టి సగం మాటలు చదవకుండానే అర్థమయ్యాయి. కానీ మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మా థాడ్‌ది నోరు పెద్దదే గాని, ముప్పై ఏడేళ్ళలో నాతో ఒక్క అబద్ధం ఆడలేదు."

ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి ఏడ్చాను. దాచడమెందుకు.

"నాకిక్కడ క్షమాపణ వద్దు," అంది మిల్కా. "నన్ను అబద్ధాలకోరుని చేసింది పదిమందిలో. ఆ పదిమందిలోనే చెప్పు."

నిన్న చెప్పాను. డెస్ ఐదు నిమిషాలకి లోపలికి రానిచ్చాడు. ఆట ఆపించి, నిలబడే చెప్పాను. పర్విస్‌ని కూడా వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను, తప్పు ఆయనది కాదని ఆయన ముందే చెప్పాలని. విన్నాక లెనార్డే, "ఇరవై ఏళ్ళు మాకు పాఠం చెప్పి పరీక్షలో నువ్వే తప్పావన్నమాట," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజే నవ్వి ఉంటే సరిపోయేది.

మిల్కా నవ్వలేదు. ముక్కలు కలుపుతూనే పర్విస్‌కి నా కుర్చీ చూపించి, "మాస్టారూ, కూర్చోండి. మే నెల దాకా ఇది మీది," అంది. నేను తలుపు దగ్గరికి వెళ్తుంటే వెనక నుంచి, "మే తర్వాత ఇంకో కుర్చీ వేయిస్తాలే అన్నా," అంది. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా అనిపించాయి. ఆమె అట్టపెట్టెల్లోంచి గిన్నెలు తీసి మళ్ళీ అరల్లో సర్దుకుందని తర్వాత డెస్ చెప్పాడు.

డెస్‌కి ముఖాముఖి చెప్పాను. మిల్కాకి, ఆ పదిమందికి, పర్విస్‌కి కూడా ముఖాముఖే చెప్పాను. అందరికంటే ఎక్కువ నమ్మిన నీకు మాత్రం కాగితం మీద చెప్పి తప్పించుకుంటే అది చెప్పడం కాదు. అందుకే పై శనివారం, పంతొమ్మిదిన, బస్సెక్కుతున్నాను. పిల్లిని పక్కింటివాళ్ళు చూసుకుంటామన్నారు. ఆదివారం సాయంత్రానికి డులూత్‌లో ఉంటాను. ఇంత ముందుగా రాయడం ఎందుకంటే, నీ కోపం కొంత నేను రాకముందే ఖర్చయిపోతుందని ఆశ. మిగిలినది నా ముఖం మీదే చూపించు, గుమ్మంలో నిలబడి వింటాను. అంతా విన్నాక లోపలికి రమ్మంటావనే నమ్మకంతో బట్టలు పది రోజులకి సర్దుకుంటున్నాను.

ఇట్లు,
ముప్పై ఏడేళ్ళకి నీతో మొదటి అబద్ధం ఆడి, అదే ఆఖరిది చేయబోతున్న
నీ భర్త
థాడ్