కార్తీకం వెళ్ళేదాకా మా రెండో తరగతికి దీర్ఘాలు లేవు

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
గున్నమ్మలంక ప్రాథమిక పాఠశాల రెండో తరగతి ఉపాధ్యాయుడు కె. జ్ఞానప్రకాశం వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ఈ నెల 12న జరపదలచిన పఠన పరీక్షను కార్తీక మాసం ముగిసే వరకు వాయిదా వేయుట గురించి.

అయ్యా,

1. మా తరగతిలో పదకొండు మంది పిల్లలు కలరు. పరీక్షలో వీరిలో సగం మందైనా పుస్తకం చూసి చదవలేనిచో తరగతిని కాలువ అవతలి బడిలో కలిపెదమని ఉత్తర్వు అందినది. ఆ కాలువ మీద ఉన్నది రెండు తాటి దుంగలు. వాటి మీద నేనే ప్రార్థన చేసుకుంటూ దాటుతాను. ఆరేళ్ళు, ఏడేళ్ళు ఉన్న పిల్లల సంగతి తమరు ఊహించగలరు.

2. ఆగస్టు వరకు మా పిల్లలు పొట్టి అచ్చునూ పొడుగు అచ్చునూ ఒకే కొలతన చదివేవారు. చార్టులు కట్టితిని. దీర్ఘం అనగా సాగునది అని రబ్బరు బ్యాండు సాగదీసి చూపితిని. సదరు రబ్బరు బ్యాండ్లను పిల్లలు ఒకరి చెవులపై ఒకరు ప్రయోగించుకొనిరి. దేవిశ్రీ అను బాలిక, తప్పు పోతుందేమోనని, నోరే విప్పేది కాదు.

3. అట్టి పరిస్థితిలో రోజూ పది గంటలకు మా వీధిలోకి వచ్చు చేపల రత్తమ్మ గారి కేక నా చెవిన పడినది. "రొయ్యలోయ్, మెత్తళ్ళోయ్, చేపలోయ్" అని ఆవిడ కేక. 'రొ' దగ్గర గొంతు టక్కున ఆగుతుంది. 'లో' దగ్గర కాలువ దాటిపోతుంది. పిల్లలు ఆ కేకను అచ్చంగా ఆవిడలాగే అనుకరించుచుండగా చూచితిని. మరునాటి నుండి ఆవిడను వరండాలో నిలిపి గుణింతమంతా అదే వరసన చెప్పించితిని. దసరా సెలవులకు ముందు తొమ్మిది మంది చదివిరి. దేవిశ్రీ కూడా మొదలుపెట్టినది. బయటి మనిషిని తరగతికి రానిచ్చుటకు అనుమతి తీసుకోలేదు, ఆ తప్పు నాదే.

4. ఇంతలో కార్తీకం వచ్చినది. మా వీధిలో నాది తప్ప అందరివీ నెలంతా నీచు ముట్టని ఇళ్ళు. నేనొక్కడినీ బుట్టెడు చేపలు తినలేను. రత్తమ్మ గారు ఉప్పాడలోని కూతురింటికి వెళ్ళుచూ, "ఈ నెల్లో ఇక్కడ కేకేస్తే కళ్ళతోనే చంపేస్తారండి మాస్టారూ. పోలిని స్వర్గానికి పంపేశాక వస్తానండి" అని చెప్పిరి. ఆవిడతో పాటు మా దీర్ఘాలన్నీ పోయినవి. దేవిశ్రీ మళ్ళీ నోరు మూసుకొన్నది.

5. నేను చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కేకను రికార్డు చేసి పంపమని ఫోనులో వేడుకొంటిని. ఆవిడ పంపిన వాయిస్ మెసేజిలో "గుడ్ మార్నింగ్ మాస్టారండీ, పిల్లలు బాగున్నారా అండీ" అని మాత్రమే కలదు. ఇదేమిటని అడుగగా "బుట్ట నెత్తిమీద లేందే గొంతు లేవదండి" అనెను. ఈ మాట పిల్లల ఎదుట స్పీకరులోనే విన్నాము.

సరే అని నేనే చెత్తబుట్ట కడిగి నెత్తిన పెట్టుకొని వరండాలో కేక వేసితిని. ఎదురింటి బుల్లిరాజు గారు విభూతి రేఖలతో బయటకు వచ్చి, "ఏంటండీ మాస్టారూ ఇది? పాతిక రోజుల్నించి నిష్ఠగా ఉన్నాం. మీరు పొద్దున్నే రొయ్యలంటే మనసు ఎటు పోతుందో మీకేం తెలుసండి?" అని నిలదీసిరి. పిల్లలకు ఒక్క దీర్ఘమూ రాలేదు, నాకు గొంతు పోయినది.

6. పదిహేడేళ్ళ సర్వీసులో నేను తమరిని ఏదీ అడుగలేదు. ఈ పిల్లలు చదువు రాని వారు కారు. చదువు ఉప్పాడ వెళ్ళినది, అంతే. ఆ దుంగల మీద వీళ్ళను తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదండి.

కావున పరీక్షను పోలి పాడ్యమి తరువాతి వారమునకు జరిపి, పదకొండు మందిని కాలువ ఇవతలనే ఉంచునట్లు తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. జ్ఞానప్రకాశం

తా.క.: వాయిదా అక్కరలేదండి.

ఈ అర్జీ బల్ల మీద పెట్టి మధ్యాహ్న భోజనం ఉడికిందో లేదో చూడ్డానికి వెళ్ళాను. తరగతిలోంచి రత్తమ్మ గారి కేక వినిపించింది. పరుగున వచ్చి చూస్తే, దేవిశ్రీ నెత్తిన చెత్తబుట్ట పెట్టుకుని ఇదే అర్జీని అదే వరసన చదువుతోంది. నోరు తిరగని మాటలు వచ్చినచోట రొయ్యలోయ్ అని దాటేసింది గానీ, దీర్ఘం ఒక్కటీ వదల్లేదు. 'విధేయుడు' దగ్గర ఎంత సాగదీసిందంటే, తమరి పట్ల నాకు అంత విధేయత ఉందని నాకే తెలియదు. వీధిలో ఆడవాళ్ళు నాలుగిళ్ళలోంచి తొంగిచూశారు. బుల్లిరాజు గారు గిన్నెతో సహా వచ్చేశారు, మళ్ళీ కార్తీకం గుర్తొచ్చి వెనక్కి తిరిగారు.

పరీక్ష 12నే పెట్టండి. పిల్లలు నెత్తిన బుట్టలతో చదవడానికి మాత్రం అనుమతి ఇప్పించండి. బడిలో ఒకటే ఉంది, మిగతా పదీ ఊళ్ళో అడిగి తెస్తాను.

చదవడం అయ్యాక దేవిశ్రీ బుట్ట దించకుండానే "ఇంకో అర్జీ ఉందా అండి మాస్టారూ" అని అడిగింది. లేదనడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఈ తాజా కలం రాశాను. ముందు తను చదువుతుంది, తరవాత తమరికి పంపుతాను.