మొదటి పేజీలో ఎమిలీ

మెట్టుగూడ,
సికింద్రాబాద్.

నా ప్రియమైన ఎమిలీకి,

ప్రభువు దయవల్ల నేనూ, ఇల్లూ, నీ కరివేపాకు మొక్కా కులాసా. నరసాపురంలో నువ్వూ, మీ చెల్లెలు ఎలీనా కూడా క్షేమమని తలుస్తాను. ఆవిడ మోకాలు కుదుటపడిందని రాశావు, సంతోషం. కుదుటపడ్డాక కూడా నిన్ను కదలనివ్వకపోవడం ఆవిడ స్వభావం. దానికి డాక్టర్లేం చేస్తారు?

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే పోట్లాడుకుంటాం. కాగితం మీదయితే నువ్వు చివరిదాకా వినక తప్పదు.

నువ్వడిగిన వాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. నువ్వు పెట్టి వెళ్లిన గోంగూర పచ్చడి అయిపోయింది. దేవసహాయం మీద కోపం తగ్గిందా అన్నావు. తగ్గలేదు. ముప్పై ఏళ్లు చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషిని మాటవరసకైనా అడగకుండా, ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి "సిస్టర్ గారు ఇక విశ్రాంతి తీసుకుంటారు" అని ప్రకటించి, నీ చోట ఒక కీబోర్డు పెట్టించిన కమిటీ కార్యదర్శి ఆయన. ఆయన మీద కోపం తగ్గిన రోజున నా బీపీ మాత్ర కూడా మానేయొచ్చు. ఆ మర్నాడే కదా నువ్వు "ఇంట్లో పియానో కూడా అమ్మేయండి, ఇంటర్నెట్‌లో సైటో ఏదో పెట్టి అమ్మేయండి, నేనిక ఎవరికీ నేర్పను" అని రైలెక్కావు.

సైటు సంగతికి వస్తాను. అల్వాల్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే పృథ్వీ ఆఫీసుకు వెళ్లాను. మా స్కూల్లో లెక్కలు చెప్పిన పురుషోత్తం కొడుకే. వాడికి పదో తరగతిలో ఇంగ్లీషు చెప్పింది నేను. పాసవడం మాత్రం వాడి అదృష్టం. ఇప్పుడు గాజు తలుపులు, చల్లటి గది, గోడ మీద తన ఫొటోయే.

"సైటు ఎవరైనా పెడ్తరు సార్. గూగుల్‌ల పైకి రావాలె కదా? దానికి ఎస్‌ఈఓ చెయ్యాలె" అన్నాడు.

"అంటే ఏమిటి నాయనా?"

"వెతికేటోళ్లకు ముందు మీరే కనవడాలె. ఆ టూల్స్ అన్నీ డాలర్లల్ల ఉంటయి. మంత్లీ ప్యాకేజీ తీస్కోండ్రి, మీరు పరేషాన్ గావొద్దు."

"నాకు కావలసింది ఒక్క పేజీ."

"ఒక్క పేజీకి ఎవరు జేస్తరు సార్, ఈ రోజుల్ల!" అని నవ్వాడు.

ఆ ప్యాకేజీ ఏడాది కడితే ఇంకో పియానో వస్తుంది. దాని సంగతి పోనీ, ఆ నవ్వుకు జవాబు చెప్పాలి కదా. ఇంటికొచ్చి, పేజీ నేనే పెట్టుకోవడానికి చదవడం మొదలుపెట్టాను. జీవితమంతా చదివినవాణ్ణి, ఇదొక లెక్కా?

ఆ డాలర్ల టూల్స్ వేల పేజీలున్న కంపెనీలకు. చిన్న సైటువాడికి తెలియాల్సింది జనం ఏ మాటలతో వెతుకుతున్నారన్నది. గూగుల్‌లో రెండు మాటలు కొట్టి ఆగితే, మిగతా మాటలు అదే కింద అందిస్తుంది. మన పేజీని గూగుల్ చూసిందో లేదో, జనం ఏం వెతికి మన దగ్గరికి వచ్చారో చెప్పడానికి సెర్చ్ కన్సోల్ అని వాళ్లదే ఒకటుంది, ఉచితం. పేజీ ఎంత తొందరగా తెరుచుకుంటుందో చూసే పరీక్ష కూడా ఉచితమే. నేను పెట్టిన పియానో ఫొటో మరీ పెద్దదని, ఫోన్‌లో పేజీ ఈడుస్తోందని ఆ పరీక్షే పట్టిచ్చింది. ఫొటో చిన్నది చేశాను. పృథ్వీ ఇవేవీ నాకు చెప్పలేదు. తెలియక కాదు.

పోయిన ఉత్తరంలో మన పేజీ గూగుల్‌లో అన్నిటికన్నా ముందు వస్తోందని గొప్పగా రాశాను. అది నిజం కాదని తేలింది. రోజూ నా కంప్యూటర్‌లో నేనే వెతుక్కుని, నా పేజీని నేనే నొక్కి మురిసిపోయాను. మనం మాటిమాటికీ తెరిచేదాన్ని గూగుల్ మనకే ముందుకు తెచ్చి పెడుతుందట. ఎదురింటి కాంతమణికి చూపించబోతే, ఆమె ఫోన్‌లో మన పేజీ ఎక్కడా కనబడక, ఈ సంగతి బయటపడింది. బ్యాంకు నుంచి అప్పుడే వచ్చి, గేటు దగ్గరే ఫోన్ తీసింది.

"ఏం కొట్టాలె సార్?"

"'పాశ్చాత్య సంప్రదాయ పియానో విద్య' అని కొట్టమ్మా."

"అయ్యో సార్, గట్ల ఎవలు కొడ్తరు? మా పాప కోసం నేను 'కీబోర్డ్ క్లాసెస్ నియర్ మీ' అని కొట్టిన."

"కీబోర్డు కాదు, పియానో."

"మాకు రెండూ ఒకటే సార్. మీరు కోపం జేస్కున్నా జనం గదే కొడ్తరు."

నేను ఆమెను ఏం కొట్టమన్నానో చదివాక నీకు అర్థమై ఉంటుంది. అవును, ఎమిలీ. ఆ పేజీ పియానో అమ్మడానికి కాదు. నీ క్లాసుల కోసం. పియానో కొనడానికి వచ్చినాయనకు వరండాలోనే కాఫీ ఇచ్చి పంపేశాను. ట్యూనర్‌ను పిలిపించి శ్రుతి కూడా చేయించాను.

ఇంకా ఉంది. చర్చిలో ఆర్గన్ ముందు కుర్చీలోంచి నిన్ను లేపింది ఏదో, ఆ వస్తువు పేరే నీ పేరు పక్కన పెట్టాల్సి వచ్చింది. చాలా రోజులు చెయ్యి రాలేదు. చివరికి "పియానో, కీబోర్డ్ క్లాసులు, మెట్టుగూడ, ఎమిలీ టీచర్" అని రాశాను. తిట్టదలచుకుంటే దీనికి తిట్టు, వింటాను. కానీ కొన్ని వారాలకు ఆ మాట కొట్టినవాళ్లే మన పేజీకి రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు కాంతమణి ఫోన్‌లోనూ, ఆమె బ్యాంకులో అందరి ఫోన్లలోనూ నువ్వు మొదటి పేజీలో ఉన్నావు. పృథ్వీకి స్క్రీన్‌షాట్ పంపాను. చూసి, బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. ఆ బొటనవేలికి ఫ్రేము కట్టించాలని ఉంది.

ఫోన్లు వస్తున్నాయి. అల్వాల్ నుంచి ఒకావిడ తన కూతురికి నేర్పించాలంది. రమ్మన్నాను. శనివారం సాయంత్రం బెల్లు మోగింది. గుమ్మంలో ఓ చిన్నపిల్ల, దాని చెయ్యి పట్టుకుని దేవసహాయం. ఫోన్ చేసింది ఆయన కూతురట.

"వందనాలు జకర్యా గారూ."

"వందనాలు. చర్చిలో కీబోర్డు బాగా పనిచేస్తోందా?"

"పనిచేస్తోందండీ. మనం పాట ఆపినా అది ఆగట్లేదు."

"మరి మనవరాలికి అదే నేర్పించకపోయారా?"

ఆయన చెప్పుల వైపు చూశాడు. "మా అమ్మాయికి ఫోన్‌లో సిస్టర్ గారి పేరే వచ్చిందండీ. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నిజానికి ఆ రోజు నేను ముందు ఇంటికొచ్చి అడగాల్సింది."

ఆయన కోసం ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటలు సగం అనేశాను. కూర్చోమనకుండానే అన్నాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మిగతా సగం అనేలోపు ఆ పిల్ల నా వెనక గదిలోకి తొంగి చూసి, "టీచర్ ఏరీ?" అంది.

"జూన్‌లో మొదటి సోమవారం వస్తుంది" అన్నాను.

నిన్నడగకుండా నీ విశ్రాంతిని ఆయన ప్రకటించాడు. నిన్నడగకుండా నీ రాకను నేను ప్రకటించాను. తేడా ఉందనే నా నమ్మకం. లేదని నువ్వంటే పేజీ తీసేస్తాను, నిమిషం పని. వాళ్లందరికీ నేనే ఫోన్ చేసి చెబుతాను. కానీ ఒకటి ఆలోచించి రాయి. ఇక నేర్పనని అన్నది నువ్వా, నీ చేత అనిపించింది ఆ కమిటీయా?

ఈ పేటలో ఎవరు అడిగినా గూగుల్ ఇప్పుడు మన ఇల్లే చూపిస్తోంది. పిల్లల్ని వెంటబెట్టుకుని, వెతుక్కుంటూ వచ్చి బెల్లు కొడుతున్నారు. తలుపు తీస్తే నేను కనబడుతున్నాను. వాళ్ల మొహాలు చూడలేకపోతున్నాను, ఎమిలీ.

ఇట్లు,
నీ పెనిమిటి,
జకర్యా