పిల్లుల గిన్నె

మార్చి 4
దొరసాని మళ్ళీ తలుపుకి గుద్దుకుంది. షెల్టర్‌లోని తొమ్మిది పిల్లుల్లో పొగరుది అదే, అందుకే ఆ పేరు. కావాలనే చేస్తోందనుకుని తిట్టాను.

మార్చి 6, మధ్యాహ్నం
చెకప్‌కి వచ్చిన డాక్టరమ్మ దాని కళ్ళలోకి టార్చి వేసి చూసి, ఏం వండి పెడుతున్నావని అడిగింది. గొప్పగా చెప్పాను. రెండేళ్ళుగా కుక్కలకీ పిల్లులకీ ఒకటే గిన్నె. గింజలు, పప్పు, కూరగాయలు మెత్తగా ఉడికిస్తాను. కుక్కలు నిగనిగలాడుతున్నాయి కదా అన్నాను.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. కుక్క కడుపు సర్దుకుపోయే రకమట, గింజల్నీ అరిగించుకుంటుంది. పిల్లి పేగు పొట్టిది, మాంసానికే పుట్టింది. టారిన్ అని ఒక పోషకం ఉందట. కుక్క ఒంట్లో మామూలుగా దానంతటదే తయారవుతుంది. పిల్లికి సరిపడా తయారుకాదు, మాంసంలోంచి రావాల్సిందే. రాకపోతే కళ్ళూ పోతాయి, గుండే పోతుంది. దొరసానికి చూపు ఇక రాదట. తిండి మార్చి మందులేస్తే గుండె నిలబడొచ్చట. మిగతా ఎనిమిదింటికి ఇంకా టైముంది.

నా చేతివంటే దాని కళ్ళు తీసింది. ఇరవై ఏళ్ళుగా వంటమనిషిని! సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 7
మేనేజర్‌కి చెప్పాను. షెల్టర్‌లో మాంసం వండకూడదని రూలట. ఆకలేస్తే ఏ జంతువైనా పెట్టింది తింటుందన్నాడు. తినడం వేరు, ఒంటపట్టడం వేరు సార్ అన్నాను. వంటమనిషివి, వంట చూసుకో అన్నాడు.

సరే, వంటే చూసుకుంటా.

మార్చి 8
కోడి గుండెకాయల్లో ఆ టారిన్ బోలెడుంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లోనే చికెనూ గుండెకాయలూ ఉడికించి మా ఆయన క్యారియర్‌లో పట్టుకెళ్ళాను. పాపం, క్యారియర్ కోసం ఇల్లంతా వెతికాడట. పిల్లులు గిన్నె నాకి నాకి అద్దం చేశాయి.

మార్చి 19
దొరికిపోయాను. మేనేజర్ వాసన పట్టేశాడు. మళ్ళీ తెస్తే ఉద్యోగం ఉండదని అందరి ముందూ అరిచాడు. నాకు ఒళ్ళు మండింది. కుక్కల తిండి ప్లేటులో వడ్డించి ఆయన టేబుల్ మీద పెట్టాను. అందరికీ ఒకటే తిండైతే మీరూ తినండి సార్ అన్నాను. టేబుల్ ముందే నిలబడ్డాను. కుక్కల్ని కడిగే ముసలాయన కిసుక్కున నవ్వాడు. మేనేజర్ ప్లేటు ముట్టలేదు.

మార్చి 20
క్యారియర్ ఊపుకుంటూ గేటు దాటి లోపలికెళ్ళాను. పిల్లులకి మాంసమే మందని షెల్టర్ మందుల రిజిస్టర్‌లో డాక్టరమ్మ చేత రాయించి సంతకం పెట్టించాను. ఇక ఆ రూల్ని ఏ గంగలో కలుపుకుంటాడో ఆయనిష్టం.

ఏప్రిల్ 30
దొరసాని గుండె కుదుటపడుతోందట. గిన్నె పెడుతుంటే నా చెయ్యి రక్కింది, నెత్తురొచ్చింది.

రక్కవే తల్లీ.