నాలుగో సీటు

శనివారం రాత్రి, మోటెల్‌లో

ముగ్గురు కలిసి బయలుదేరకూడదని డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కార్ ఎక్కేటప్పుడు అమ్మ ఫోన్‌లో ఒకటే గోల. శ్వేత నవ్వుతూ నాలుగో మనిషి లెక్కన ఒక గులకరాయిని వెనక తన పక్క సీట్లో పెట్టింది. నేను, కిరణ్, శ్వేత బేస్‌బాల్ స్టేడియాలు ఒక్కొక్కటే చూస్తూ దాని సంగతే మర్చిపోయాం.

ఈ మధ్యాహ్నం స్టేడియం కిక్కిరిసింది. మా పక్క సీటొక్కటే ఖాళీ. అటుగా వచ్చిన ఒకాయన కూర్చోబోయి ఆగి, "సారీ, మీ ఫ్రెండ్‌ని చూసుకోలేదు" అని వెళ్లిపోయాడు.

పార్కింగ్‌కి రాగానే కిరణ్ ఆ రాయిని దూరంగా విసిరేశాడు. "పీడా పోయింది, నువ్వు డ్రైవ్ చెయ్" అంటూ నా పక్కన కూర్చున్నాడు.

ముగ్గురం బెల్టులు పెట్టుకున్నాం. అయినా సీట్ బెల్ట్ అలారం ఆగలేదు. హైవే మీద కూడా మోగుతూనే ఉంది. చివరికి శ్వేత తన పక్కనున్న ఖాళీ సీటుకి బెల్ట్ పెట్టింది.

అప్పుడు ఆగింది.