వాగు దాటే పెద్ద టైర్లు

భవానీ,

పత్తి లారీతో నందిగామ వెళ్తున్నా, సాయంత్రానికి వస్తా. పికప్ వ్యాను మీకోసమే ఉంచా. మీ వదినకి నొప్పులొస్తే నాకోసం చూడకుండా జగ్గయ్యపేట ఆసుపత్రికి తీసుకెళ్లు. బాడీ ఎత్తు చేయించకుండానే పెద్ద టైర్లు వేయించా కదా, మడ్‌గార్డు అంచులు కోయించినా స్టీరింగు పూర్తిగా తిప్పితే టైర్లు వాటికి రాసుకుంటున్నాయి. మలుపుల్లో నిదానంగా, వెడల్పుగా తిప్పు. పోయిన వానకి దారిలో వాగులో దిగబడినట్టు ఇప్పుడు దిగబడదు. పొద్దున్నే అటూ ఇటూ దాటి చూసుకున్నా.

"మేకకి ఏనుగు కాళ్లు పెట్టావన్నయ్యా" అని నలుగురిలో నవ్వావు. కాస్త కష్టమనిపించింది. మీ వదిన మాత్రం ఎక్కి కూర్చుని, "ఇక నాకు భయం లేదండీ" అంది. నాకదే చాలు.

అన్నయ్య

ఆ టైర్లతో వ్యాను ఎత్తయింది, ఎక్కడానికి పీట వెనకాల పెట్టా. తను వద్దంటుంది, వినకు.