ఐదో సాక్షి పేరు

బావా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, దుక్మ్‌లోని మన కంపెనీ క్యాంపుకు వస్తున్న డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నేను ఇక్కడ కోర్టున్న సిటీలో, ఘాలా ఏరియాలో తెలిసినవాళ్ల రూమ్‌లో ఉన్నాను.

కోర్టు కాగితాలు వచ్చాయి. అనువాదకుడు నిన్న హిందీలో చదివి వినిపించాడు. పాచిన అన్నం పెడుతున్నారని ఆ రోజు మూడొందల మందిమి డ్యూటీ బస్సులు ఎక్కలేదు కదా, ఆ తిరుగుబాటు నాయకుణ్ని నేనేనట. నలుగురు సాక్షులు నన్ను గుంపులో చూశామని మాత్రమే చెప్పారు. ఐదోవాడు మాత్రం, బస్సుల అద్దాలు పగలగొట్టమని మెస్ వెనక నేను చెప్పానన్నాడు.

మెస్ వెనక నేనన్నది నీకు గుర్తుందా? "బస్సు ఎక్కద్దు గని, అద్దాల జోలికి ఎవ్వలు పోవద్దు బావా" అన్నాను. అప్పుడు నా దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు.

అనువాదకుడు ఆ సాక్షి పేరు చదవబోతే వద్దన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

నిన్ను ఫోర్‌మన్ చేశారని విన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదనే అనుకోవాలని ఉంది. మొన్న చెల్లె సంగీత ఫోన్ చేసి, "మా ఆయన మంచిగున్నడా అన్నా?" అని అడిగింది. మంచిగున్నాడనే చెప్పాను.

ఆదివారం విచారణ ఉంది. వచ్చి, నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు. వస్తే ఆ పేరు ఎన్నటికీ అడగను. రాకపోతే జడ్జి ముందు దాన్ని చదువుతారు, నేను వినక తప్పదు. ఆ తర్వాత చెల్లెకు ఏం చెప్పాలో నువ్వే రాసి పంపు.

నీ బావమరిది