బ్రేకుల తర్వాతే ట్యూనింగ్

ఆదివారం

మా ఆయన శ్రీనుతో కలిసి ఈరోజు పటాన్‌చెరులో మెకానిక్ యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. మా టర్బో కారుకు ట్యూనింగ్ చేయించి పవర్ పెంచాలని నెల రోజులుగా తనది ఒకటే పట్టు.

యూసుఫ్ భాయ్ బానెట్ ఎత్తి చూశాడు. "గట్ల డైరెక్టుగ పెంచితే ఇంజన్ గరమైతది అన్నా. ముందుగాల గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది పెట్టాలె. క్లచ్, బ్రేకులు మార్చాలె. గప్పుడే ట్యూనింగ్."

"అవన్నీ తర్వాత సూద్దాం భాయ్," అన్నాడు శ్రీను.

నేను ఊరుకోలేకపోయాను. "పాశమైలారంల నేను పనిచేసే కెమికల్ కంపెనీల రియాక్టర్‌కు చల్లనీళ్ళు వస్తున్నయో లేదో సూడకుండ ప్రెషర్ పెంచం. నువ్వెట్ల పెంచుతవ్?"

శ్రీను కారు తాళాలు భాయ్ చేతికి ఇచ్చేసి, "ఇగ ఆమె చెప్పినట్టే కానియ్యి భాయ్," అన్నాడు.

గెలిచాననుకుంటూ ఆటో ఎక్కాను. ఇంటికొచ్చాకే గుబులు మొదలైంది. బ్రేకులు గట్టివన్న ధైర్యంతో రింగు రోడ్డు మీద ఇంకెంత వేగంగా పోతాడో! మెల్లగా నడుపుతానని మాట తీసుకుందామనుకున్నాను. తను అన్నం తింటూ ఫోన్‌లో ఇంటర్‌కూలర్ బొమ్మలు చూపిస్తుంటే ఆ సంతోషం ముందు అడగడానికి నోరు రాలేదు. పవర్ పెంచొద్దని ఒక్కసారీ అనలేదు నేను. ఎట్లా పెంచాలో మాత్రం చెప్పి వచ్చాను…